వాడిన గంటకా, గడిచిన రోజుకా? కంప్యూటర్ వాయిదాల మీద ఒక కేస్ స్టడీ

తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు పరికరాలను చిన్న చిన్న చెల్లింపుల మీద ఇచ్చే పథకాలు తయారుచేయడం నా వృత్తి. ముందు కొంచెం కట్టి వస్తువును ఇంటికి తెచ్చుకుంటారు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు కడుతూ పోతారు. కట్టినంత కాలం వస్తువు పనిచేస్తుంది, కట్టకపోతే ఆగిపోతుంది, మొత్తం తీరాక సొంతమవుతుంది. ఈ దారిలో సోలార్ దీపాలు, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు లక్షల ఇళ్లకు చేరాయి. కంప్యూటర్ కోసం ఇదే దారిని వాటికంటే ముందే వేసినా అది నిలబడలేదు.

మైక్రోసాఫ్ట్ చేసిన ఆ ప్రయత్నం పేరు ఫ్లెక్స్‌గో. ఈ కేసులో ప్రధానంగా దాన్నే తీసుకుంటున్నాను. కట్టనప్పుడు యంత్రాన్ని ఆపే తాళం ఎంత గట్టిది, వడ్డీ ఎంత అన్న ప్రశ్నల కంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది: చెల్లింపును దేనితో కొలవాలి? వాడిన గంటలతోనా, గడిచిన రోజులతోనా? నా అనుభవంలో పథకం తలరాత చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అప్పటి పరిస్థితి

2005 ప్రాంతంలో కంప్యూటర్‌ను పేదలకు అందించాలని పెద్ద పెద్ద ప్రయత్నాలు మొదలయ్యాయి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ నెగ్రోపాంటే 100 డాలర్ల ల్యాప్‌టాప్ తెస్తామని ప్రకటించారు. 2007లో అది తయారీకి వచ్చేసరికి ఖర్చు 188 డాలర్ల దగ్గరికి చేరింది. బ్రెజిల్ ప్రభుత్వం 2005లో 'అందరికీ కంప్యూటర్' పథకం పెట్టి పన్నులు తగ్గించింది, ధర 1,400 రియాలు దాటకూడదంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాయిదాల మీద అమ్మించింది.

ఒకరు యంత్రం ఖరీదునే తగ్గించాలనుకున్నారు, మరొకరు పన్ను తగ్గించి నెలవారీ వాయిదా ఇచ్చారు. రెండూ అవసరమే. కానీ నెలవారీ వాయిదా అనేది నెల జీతం వచ్చేవాళ్ల కొలత. ఈ వారం పని దొరికి, వచ్చే వారం దొరకని ఇంట్లో నెలాఖరుకు పెద్ద మొత్తం చేతిలో ఉండదు. ఏడాది మొత్తం మీద చూస్తే వాళ్లకు కంప్యూటర్ కొనే శక్తి ఉండొచ్చు, ఫలానా తేదీన కట్టే శక్తి మాత్రం ఉండదు. బ్యాంకుకు ఈ రెండిటికీ తేడా కనిపించదు, రెండిటినీ 'అప్పు తీర్చలేరు' అనే రాసుకుంటుంది. వాడుకున్నంత చెల్లించే పద్ధతి పుట్టింది సరిగ్గా ఈ ఖాళీలోనే.

ఫ్లెక్స్‌గో ఎలా పనిచేసింది

మైక్రోసాఫ్ట్ దీన్ని బ్రెజిల్‌లో పరీక్షించి 2006 మేలో ప్రపంచానికి ప్రకటించింది. భారత్, చైనా, మెక్సికో, రష్యా వంటి దేశాలకు విస్తరిస్తామంది. ప్రాసెసర్లు చేసే ఇంటెల్, ఏఎండీ, కంప్యూటర్‌ను నిద్రలేపే తొలి సాఫ్ట్‌వేర్ రాసే ఫీనిక్స్ కూడా ఇందులో భాగస్వాములు.

కొనేవాళ్లు ధరలో కొంత భాగం ముందు కట్టి కంప్యూటర్ తీసుకెళ్తారు. ఆ తర్వాత ఫోన్ రీచార్జ్ కార్డులాంటిది కొని, దాని మీది కోడ్ కొడితే కొన్ని గంటల వాడకం జమ అవుతుంది. సమయం అయిపోవస్తుంటే హెచ్చరిక వస్తుంది. అయిపోతే పరిమితంగా మాత్రమే పనిచేస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అనుకున్నంత మొత్తం జమయ్యాక యంత్రం సొంతమవుతుంది. నెలవారీ చందా పద్ధతి కూడా ఉండేది కానీ, అందరి దృష్టీ పడింది గంటల కార్డు మీదే.

ఇందులో మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. ప్రీపెయిడ్ ఫోన్ కార్డు వాడటం అప్పటికే కోట్ల మందికి అలవాటు. అప్పు పత్రం, హామీదారు, బ్యాంకు గుమాస్తా ముందు నిలబడటం, ఏవీ అక్కర్లేదు. ఇచ్చేవాళ్లకు కూడా యంత్రమే హామీ. తక్కువ ఆదాయమున్న మనిషిని అనుమానించకుండా కొనుగోలుదారుగా చూసిన ఆలోచన ఇది. ఆ గౌరవం నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

గంట లెక్కతో వచ్చిన చిక్కు

అంకెలతో చూస్తే సులువుగా తెలుస్తుంది. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. యంత్రం ధర 100 అనుకుందాం. ముందు 20 కట్టారు. మిగిలిన 80కి నిర్వహణ ఖర్చు, పెట్టుబడి ఖర్చు (పథకం కోసం తెచ్చిన డబ్బు మీద వడ్డీ) 15 కలిపితే 95 రావాలి. గంటకు 0.1 చొప్పున పెడితే 950 గంటలు వాడాలి. రోజుకు రెండు గంటలు వాడే ఇంటికి 475 రోజుల్లో తీరుతుంది. గంట మాత్రమే వాడితే 950 రోజులు, అంటే రెండున్నరేళ్లు దాటుతుంది.

కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది: ఎక్కువ వాడితే త్వరగా సొంతం. ఇంట్లో జరిగేది వేరు. ప్రతి గంటకూ ధర ఉందని తెలియగానే ఆ ఇల్లు గంటలను పొదుపు చేస్తుంది. పొదుపులో ముందు పోయేది పనిలా కనిపించని వాడకం: పిల్లలు అటూ ఇటూ నొక్కి చూడటం, తల్లి టైపింగ్ నేర్చుకోవడం, ఏదో పాడుచేసి మళ్లీ సరిచేసుకోవడం. కంప్యూటర్ చేతికి అలవాటయ్యేది ఆ వృథా గంటల్లోనే. కొత్తగా నేర్చుకుంటున్న మనిషికి ఒక పేజీ టైపు చేయడానికి గంట పట్టొచ్చు, చేయి తిరిగినవాళ్లకు పది నిమిషాలు చాలు. గంట లెక్కలో ఒకే పేజీకి కొత్తవాళ్లు ఆరు రెట్లు కడుతున్నారు. ఎవరి కోసం ఈ పథకం పెట్టామో వాళ్ల మీదే ఎక్కువ ధర పడుతోందన్నమాట.

పైగా ఇంట్లో యంత్రం ఒకటే, వాడేవాళ్లు నలుగురు. అన్న ఆటకు అరగంట వాడితే చెల్లి హోంవర్క్‌కు అరగంట తగ్గుతుంది. అప్‌డేట్ దిగుతున్న సమయం ఎవరి లెక్కలో పడాలి? పెద్ద ఫైలు డౌన్‌లోడ్‌కు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు అయిపోతుందా? తెర మూల లెక్క తిరుగుతూ కనిపిస్తుంటే చదువు మీద మనసు నిలవదు. ఆ టెన్షన్‌ను పథకమే తయారుచేసి ఇంటికి పంపుతోంది.

ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో 2008 డిసెంబర్‌లో బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ పేటెంట్ దరఖాస్తులో కనిపిస్తుంది. అందులో ఉదాహరణగా ఇచ్చిన ధరలు ఇవి: ఆటలకు గంటకు 1.25 డాలర్లు, ఆఫీసు పనికి 1 డాలరు, బ్రౌజింగ్‌కు 80 సెంట్లు. అంటే ఏ పని చేస్తే ఆ పనికి ఒక రేటు. లెక్కల పరంగా ఎంత పక్కాగా ఉన్నా, నేర్చుకునేవాళ్లను తలుపు దగ్గరే ఆపేసే అమరిక ఇది.

ఫ్లెక్స్‌గో విస్తృతంగా నిలదొక్కుకోకపోవడానికి గంట ఒక్కటే కారణమని నేను అనను. తాళం కోసం హార్డ్‌వేర్ నుంచి కిందిస్థాయి సాఫ్ట్‌వేర్ దాకా ఎన్నో కంపెనీలు ఒక్క తాటి మీదికి రావాల్సి వచ్చింది. 2007 చివరి నుంచి చిన్న, చవక నెట్‌బుక్‌లు మార్కెట్లోకి దిగాయి. ఇంటర్నెట్ లేని ఇంట్లో కంప్యూటర్ విలువ ఎలాగూ సగమే. అయినా మళ్లీ ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా మార్చాల్సింది మాత్రం కొలతనే.

రోజు లెక్క ఎక్కడ గెలిచింది

కెన్యాలో 2007 మార్చిలో ఎంపెసా అనే మొబైల్ చెల్లింపుల సేవ మొదలైంది. మామూలు ఫోన్ నుంచే చిన్న మొత్తాలు పంపే వీలొచ్చింది. ఎంపెసా వెనుక వోడాఫోన్‌లో పనిచేసిన నిక్ హ్యూస్ మరికొందరితో కలిసి ఎం-కోపా స్థాపించారు. ఆ సంస్థ 2012లో సోలార్ కిట్లను ఇదే పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టింది. కిట్‌లో సిమ్ ఉంటుంది. అప్పట్లో ముందు కొంత కట్టి, ఆ తర్వాత రోజుకు 50 షిల్లింగుల ప్రాంతంలో, ఏడాదికి సరిపడా రోజులు కట్టేవాళ్లు. కట్టిన రోజు దీపం ఎంతసేపు వెలిగినా అదే ధర. కట్టని రోజు వెలగదు. ఆ రోజు అప్పుగా పేరుకోదు, గడువు ఒక రోజు పెరుగుతుంది, అంతే.

రోజు లెక్కలో వాడకం మీద ధర లేదు. ఒకసారి రోజు కొన్నాక ఎంత ఎక్కువ వాడితే అంత లాభం. ఇంట్లో పిల్లలను ఎవరూ లేవమనరు. కంప్యూటర్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే.

అయితే సోలార్ విజయాన్ని యథాతథంగా కంప్యూటర్ మీద వేసుకోకూడదు. దీపం వచ్చిన రోజు నుంచే కిరోసిన్ ఖర్చు ఆగిపోయింది, ఆ డబ్బే వాయిదాగా మారింది. కంప్యూటర్ వచ్చిన రోజున ఇంట్లో ఏ ఖర్చు ఆగుతుంది? కొందరికి నెట్ సెంటర్ ఖర్చు, ప్రింట్లు, దరఖాస్తులకు పెట్టే డబ్బు ఆగుతుంది. కొందరికి టైపింగ్, డిజైన్, లెక్కల పనితో ఆదాయం వస్తుంది. చాలామందికి మాత్రం ఫలితం కొన్నేళ్ల తర్వాత, పిల్లల చదువు రూపంలో వస్తుంది. అప్పు ఇప్పుడు తీర్చాలి, ఫలితం ఎప్పుడో. అందుకే దరఖాస్తు తీసుకునేటప్పుడు నేను ఆదాయం కంటే ముందు అడిగే ప్రశ్న: కంప్యూటర్ పని కోసం ఇప్పుడు మీరు ఎక్కడ, ఎంత ఖర్చు పెడుతున్నారు? జవాబు 'ఏమీ లేదు' అయితే ఆ ఇంటికి రోజువారీ ధర మరీ తక్కువగా, గడువు పొడవుగా ఉండాలి, లేదా ముందు కట్టే సొమ్మును బడో సేవాసంస్థో భరించాలి. లాభం చూపే అంకెల కోసం వాళ్లను మామూలు పథకంలో చేర్చడం వాళ్లకు అన్యాయం.

ఆగినవాళ్ల ఖర్చు ఎంత?

పెట్టుబడి పెట్టేవాళ్లు ఎప్పుడూ భయపడేది ఇక్కడే: కట్టకపోయినా శిక్ష లేకపోతే ఎవరు కడతారు? మళ్లీ పై ఉదాహరణ అంకెలతోనే లెక్క వేద్దాం.

అప్పుగా ఉన్న 80 మీద పెట్టుబడి ఖర్చు ఏడాదికి 24 శాతం అనుకుంటే, బాకీ క్రమంగా తగ్గుతూ పోతుంది కాబట్టి 12 నెలల్లో సుమారు 9.6 అవుతుంది. ఇప్పుడు జనం అయిదు రోజుల్లో నాలుగు రోజులే కట్టారనుకోండి. 12 నెలల గడువు 15 నెలలకు సాగుతుంది. పెట్టుబడి ఖర్చు 9.6 నుంచి 12కు పెరుగుతుంది. తేడా 2.4.

మరోవైపు, 100 మందిలో 10 మంది సగం కట్టి పూర్తిగా మానేశారనుకోండి. ఒక్కొక్కరి దగ్గర 40 నిలిచిపోతుంది. తిరిగొచ్చిన యంత్రం బాగుచేసి అమ్మితే ఒక్కోదానికి 20 వచ్చిందనుకుంటే నష్టం మొత్తం 200. మిగిలిన 90 మంది మీద సర్దితే తలా 2.2.

రెండు భారాలూ దాదాపు సమానం. అంటే ప్రతి అయిదు రోజుల్లో ఒక రోజు కట్టకుండా ఉండే వెసులుబాటు అందరికీ ఇవ్వడానికయ్యే ఖర్చు, పదిమందిలో ఒకరిని పూర్తిగా పోగొట్టుకునే ఖర్చుతో సమానం. వెసులుబాటు లేకపోతే ఒక్క గడ్డు నెలకే ఇల్లు చేతులెత్తేస్తుంది, యంత్రం తిరిగొస్తుంది. అందుకని ఆ 2.4ను ముందే ధరలో కలిపి, ఆలస్యానికి వడ్డీ గానీ జరిమానా గానీ లేదని, మొత్తం ధర ఎప్పటికీ మారదని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయాలంటాను. ఆలస్య రుసుముతో వచ్చే ఆదాయం లెక్కలో చేర్చుకున్న పథకం జనం కష్టం మీద బతుకుతుంది. అలాంటిది తయారుచేయను.

ఇక్కడ వసూళ్లను కొలిచే తీరు కూడా మారాలి. 30 రోజులు దాటిన బాకీల శాతం చూడటం బ్యాంకులకు అలవాటు. గడువే కదిలే పథకంలో ఆ అంకెకు అర్థం తక్కువ. ఈ నెలలో రావాల్సిన దానిలో ఎంత వచ్చింది, ఆఖరి చెల్లింపు జరిగి ఎన్ని రోజులైంది, ఒక్కో యంత్రం వరుసగా ఎన్ని రోజులు తాళంలో ఉంది, ఈ మూడూ చూస్తే చాలు. రెండు వారాలకు పైగా తాళంలో ఉన్న యంత్రం కనిపిస్తే ఫోన్ చేసి మొదట అడగాల్సింది డబ్బు గురించి కాదు, 'యంత్రం పనిచేస్తోందా?' అని. చాలాసార్లు అది పాడై ఉంటుంది. పాడైన వస్తువుకు ఎవరూ డబ్బు కట్టరు, కట్టకూడదు కూడా. మరమ్మతులో ఉన్న రోజులు లెక్కలోకి రాకూడదు. వారంటీ అప్పు గడువు కంటే ఒక్క రోజు కూడా తక్కువ ఉండకూడదు. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లను బాగుచేసి ఇచ్చే పథకాల్లో బ్యాటరీకి విడిగా హామీ ఉండాలి. ముందు చచ్చేది అదే.

తాళం

ఇంటర్నెట్ లేకుండా కోడ్ పనిచేయాలన్న సమస్యకు పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఎన్నో దేశాలకు పాకిన ప్రీపెయిడ్ కరెంటు మీటర్లు 20 అంకెల టోకెన్‌తో, అంటే డబ్బు కట్టాక ఇచ్చే కోడ్‌తో, దశాబ్దాలుగా నడుస్తున్నాయి. సోలార్ పరికరాల కోసం ఓపెన్‌పేగో టోకెన్ అనే, ఎవరైనా వాడుకోగల బహిరంగ ప్రమాణం ఉంది. కంప్యూటర్ వైపు ఎండ్‌లెస్ ఓఎస్ తయారుచేసినవాళ్లు చెల్లింపు కోడ్ సదుపాయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిపారు. ఆ సిస్టమ్‌కు ఉన్న మరో గుణం నాకు ఇంకా ముఖ్యం: పాఠాలు, విజ్ఞాన సర్వస్వం ముందే అందులో ఉంటాయి కాబట్టి నెట్ లేని ఇంట్లోనూ యంత్రం ఖాళీ డబ్బా కాదు.

కోడ్‌కు ఒక కాలపరిమితి దాగి ఉంటుందని మరచిపోవద్దు. కరెంటు మీటర్ల టోకెన్లు 1993 మొదటి రోజు నుంచి నిమిషాలు లెక్కపెడతాయి. ఆ లెక్కకు ఇచ్చిన చోటు 2024 నవంబర్ 24న నిండిపోయింది. అందుకని అంతకుముందే ప్రపంచమంతటా కోట్ల మీటర్లను ఒక్కొక్కటిగా కొత్త కోడ్‌తో సరిచేయాల్సి వచ్చింది. కంప్యూటర్‌లో ఇంకో చిక్కు గడియారం. వెనక్కి తిప్పితే రోజులు తిరిగి రాకూడదు, బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కట్టిన రోజులు పోకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించినా తాళం ఊడకుండా కిందిస్థాయి నుంచే రక్షణ ఉండాలి.

దొంగదారులు మూయడంలో ఎంత శ్రద్ధ పెడతామో, తాళం పడినప్పుడు ఏం తెరిచి ఉండాలన్న దాని మీద అంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తాళం పడేముందు తెరిచి ఉన్న ఫైలు దానంతటదే సేవ్ అవ్వాలి. తాళం పడ్డాక కూడా తమ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునే వీలుండాలి. యంత్రం మీద అప్పు ఉంది, వాళ్లు రాసుకున్న దాని మీద లేదు. లోపల ఉన్న పాఠాలు తెరుచుకోవాలి. అర్ధరాత్రి తాళం వేయడం అనవసరమైన క్రూరత్వం. పొద్దున్న చెల్లింపు కేంద్రాలు తెరిచాక వేస్తే ఎవరికీ నష్టం లేదు. పరీక్షల రోజులకు ముందుగానే కొన్ని ఉచిత రోజులు దాచిపెట్టుకునే వీలు కూడా ఇస్తాను.

తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఇంట్లో కూర్చునే గూఢచారిగా మారిన కేసు ఒకటి నమోదై ఉంది. అమెరికాలో కంప్యూటర్లు అద్దె మీద ఇచ్చి చివరికి సొంతం చేసే దుకాణాలకు డిజైనర్‌వేర్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది. బాకీ పడితే యంత్రాన్ని ఆపడం వరకు అందరికీ తెలిసిందే. కానీ అందులోని ఒక భాగం తెర మీది బొమ్మలను, కొట్టిన అక్షరాలను, వెబ్‌క్యామ్‌తో ఇంట్లోవాళ్ల ఫొటోలను వాళ్లకు తెలియకుండా తీసింది. సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రేషన్ అంటూ దొంగ విండో చూపించి వాళ్ల చిరునామాలూ సేకరించింది. 2012లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ మీద, ఏడు అద్దె దుకాణ సంస్థల మీద చర్య తీసుకుంది. పేదవాడి ఇల్లు కాబట్టి తొంగిచూడొచ్చన్న ధోరణి అది. తాళానికి తెలియాల్సినవి రెండే: ఏ యంత్రం, ఎప్పటివరకు చెల్లింది. కెమెరా, మైకు, ఫైళ్లు, బ్రౌజర్ దాని చేతికి అందకూడదు. ఆ సంగతి బయటివాళ్లు పరిశీలించి చెప్పేలా దాని ప్రోగ్రామ్ కోడ్ బహిరంగంగా ఉండాలి.

అప్పు తీరాక

ఆఖరి చెల్లింపుతో వచ్చే కోడ్ తాళాన్ని తెరవడంతో ఆగకూడదు, తాళాన్నే తీసేయాలి. మళ్లీ ఎప్పటికీ ఎవరూ వేయలేని విధంగా సాఫ్ట్‌వేర్ తొలగిపోవాలి. యంత్రం మీద ఎవరికీ బాకీ లేదన్న కాగితం, దాని సీరియల్ నంబర్‌తో సహా చేతికి ఇవ్వాలి. రేపు వాళ్లు దాన్ని అమ్ముకోవాలన్నా, ఇంకొకరికి ఇవ్వాలన్నా ఆ కాగితమే ఆధారం.

మధ్యలో కంపెనీయే మూతపడితే? తూర్పు ఆఫ్రికాలో సోలార్ కిట్లు ఇదే పద్ధతిలో అమ్మిన మోబిసోల్ 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన ఇంధన సంస్థ ఎంజీ దాన్ని కొనుక్కుంది. ఆదుకునేవాళ్లు ప్రతిసారీ దొరుకుతారని లేదు. కోడ్లు ఇచ్చే సర్వర్ ఆగిపోతే నిజాయితీగా కడుతున్న ఇంట్లో యంత్రం ఇటుకగా మారుతుంది. అందుకని తాళాలు తీసే కీలను మొదటి యంత్రం అమ్మకముందే ఒక మూడో పక్షం దగ్గర దాచాలి. కంపెనీ మూసేసినా, వరుసగా 30 రోజులు కోడ్లు ఇవ్వలేకపోయినా ఆ కీలు విడుదలై అన్ని యంత్రాలూ తెరుచుకోవాలని ఒప్పందంలో రాయాలి. పెట్టుబడిదార్లు అభ్యంతరం చెప్పేది ఎక్కువగా ఈ షరతు మీదే. నా ముందుకొచ్చే ఏ ప్రతిపాదనలోనైనా నేను ముందు వెతికేది కూడా ఇదే. ఇది లేని పథకం మీద సంతకం పెట్టను.